జీఆర్ఈ వ్యాసానికి 3.0 వచ్చింది: పునఃపరిశీలన అడగాలా, మళ్లీ రాయాలా?

ప్రశ్న: మధురవాడ విద్యార్థి

నమస్కారం. నేను విశాఖపట్నంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో ఎమ్మెస్‌కు దరఖాస్తు చేయాలన్న ఉద్దేశంతో ఇటీవల జీఆర్ఈ రాశాను. గణిత విభాగమైన క్వాంట్‌లో 167, భాషా విభాగమైన వెర్బల్‌లో 157 వచ్చాయి. వ్యాసానికి మాత్రం 6కు 3.0 దగ్గర ఆగిపోయింది. మొదటి రెండు అంకెలు చూసి ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్న సమయంలో మూడో అంకె గురించి బాధపడటం గొంతెమ్మ కోరికలా అనిపించవచ్చు గాని, ఆ మార్కు ఎందుకు తగ్గిందో తెలుసుకునే దారి ఒక్కటీ కనబడకపోవడం నన్ను చాలా వేధిస్తోంది.

ఈఏపీసెట్ రాసినప్పుడు 160 ప్రశ్నలకు మనం గుర్తించిన జవాబులను మనకే చూపిస్తారు, ప్రాథమిక కీ విడుదల చేస్తారు, ఆ కీలో తప్పుందని అనిపిస్తే ఆధారాలతో అభ్యంతరం తెలపడానికి గడువు కూడా ఇస్తారు. జేఈఈ మెయిన్‌లోనూ అంతే. ఇంటర్మీడియట్‌లో రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. ఈ పద్ధతికి అలవాటుపడి ఇంతవరకు వచ్చిన నాకు, ఒక అంకె తప్ప ఒక్క వ్యాఖ్య కూడా లేని ఫలితాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలియడం లేదు.

నా వ్యాసంలో ఐదు పేరాలు ఉన్నాయి. శిక్షణ కేంద్రంలో చెప్పినట్టే ప్రారంభంలో ఒక ప్రముఖుడి మాటను ఉదహరించాను, మూడు కారణాలు చూపాను, చివర ముగింపు రాశాను. అక్షరదోషాలు పెద్దగా లేవనే నమ్మకం ఉంది. అదే కేంద్రంలో నమూనా వ్యాసాలకు నాకు 4.5 వేసేవారు. నాకన్నా తక్కువ రాశానని చెప్పిన మిత్రుడికి 4.0 వచ్చింది. ఆ వ్యాసాన్ని అసలు మనిషి చదివాడా, లేక యంత్రమే మార్కు వేసిందా? పునఃపరిశీలనకు డబ్బు కట్టడం వల్ల ప్రయోజనం ఉంటుందా? ఈ ఒక్క మార్కు కోసం పరీక్ష మొత్తం మళ్లీ రాయడం అవసరమా? అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

సమాధానం: ద్వారకానగర్ ఇంగ్లిష్ టీచర్

నేను ద్వారకానగర్ ప్రాంతంలో చాలాకాలంగా జీఆర్ఈ, టోఫెల్ విద్యార్థులకు రాత నేర్పుతున్నాను కాబట్టి మీ మొదటి సందేహంతోనే మొదలుపెడతాను. జీఆర్ఈ వ్యాసాన్ని శిక్షణ పొందిన ఒక మూల్యాంకనదారు చదువుతారు. ఒక్కొక్క తప్పుకు ఇంత అని కోత వేయకుండా, వ్యాసం మొత్తంగా ఎలా ఉందన్నదాన్ని బట్టి ఆరు పాయింట్ల కొలమానం మీద ఒక అంకె వేస్తారు. ఆ తరువాత అదే వ్యాసాన్ని ఈ-రేటర్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం పరిశీలిస్తుంది. ఇద్దరి అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే రెండింటి సగటే మీ మార్కు అవుతుంది. తేడా ఎక్కువగా ఉంటే యంత్రం వేసిన అంకెను పక్కన పెట్టి, మరొక మనిషి చేత చదివించి, ఆ మనుషులిద్దరి సగటు తీసుకుంటారు. ఫలితం అర అంకెల్లో వస్తుంది. ఈ లెక్కన 3.0 వచ్చిందంటే, చాలా సందర్భాల్లో, రెండు చూపులూ ఇంచుమించు 3 దగ్గరే ఆగాయని అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఒకరు 4 వేసి మరొకరు 3 వేసి ఉంటే మీకు 3.5 వచ్చి ఉండేది. పునఃపరిశీలనకు డబ్బు కట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. నా వరకు నేనైతే కట్టవద్దనే చెబుతాను.

ఇక 3 అంటే ఏమిటో చూద్దాం. నిర్వాహక సంస్థ బహిరంగంగా పెట్టిన ప్రమాణాల ప్రకారం 4 వచ్చిన వ్యాసం సమర్థంగా విశ్లేషించి, భావాన్ని తగినంత స్పష్టంగా చెప్పినది. 3 వచ్చిన వ్యాసంలో కొంత సామర్థ్యం కనబడుతుంది గాని లోపాలు స్పష్టంగా బయటపడతాయి. ఆ లోపాల వివరణలో మొదటే ఉండేది, ప్రశ్నతో పాటు ఇచ్చిన సూచనలకు అస్పష్టంగా లేదా అరకొరగా స్పందించడం. మీ వ్యాసాన్ని నేను చూడలేదు గనుక మీ విషయంలో జరిగింది ఇదేనని తేల్చి చెప్పను. అయితే గణితంలో 165 దాటిన మన విద్యార్థుల వ్యాసాలు 3 దగ్గర ఆగిపోవడానికి నాకు అన్నిటికంటే తరచుగా కనబడే కారణం ఇదే.

జీఆర్ఈలో ఒక వాక్యం ఇచ్చి ఊరుకోరు. దాని కింద ఒక సూచన ఉంటుంది. ఒక సూచన ఆ వాక్యం ఏ పరిస్థితుల్లో నిజమవుతుందో, ఏ పరిస్థితుల్లో కాదో ఆలోచించి రాయమంటుంది. మరొకటి మీ వాదాన్ని ఎదిరించగల బలమైన కారణాలను ఎత్తి చూపి వాటికి జవాబు చెప్పమంటుంది. ఇంకొకటి ఒక విధానాన్ని అమలు చేస్తే కలిగే పర్యవసానాలను పరిశీలించమంటుంది. రెండు అభిప్రాయాలు ఇచ్చి రెండింటినీ చర్చించమనే సూచన కూడా ఉంది. మన విద్యార్థులు పైనున్న వాక్యం చదివి, దాన్ని సమర్థించే మూడు కారణాలు వరసగా పేర్చి, సూచన జోలికి పోకుండా ముగింపుకు వచ్చేస్తారు. అలాంటి వ్యాసంలో వ్యాకరణం నిర్దుష్టంగా ఉన్నా, ప్రారంభంలో గాంధీ మాటో లింకన్ మాటో వెలుగుతున్నా, అడిగినదానికి జవాబు లేదు కాబట్టి చదివేవారి చెయ్యి 3 దాటదు. అక్షరదోషాల గురించి మీరు అంతగా బెంగపడనవసరం లేదు. పరీక్షలో ఇచ్చే ఎడిటర్‌లో స్పెల్ చెక్ ఉండదని వారికీ తెలుసు, చిన్నచిన్న పొరపాట్లను లెక్కలోకి తీసుకోరు.

నమూనా వ్యాసాలకు 4.5 వేయడం గురించి ఒక్క మాట. విద్యార్థి నిరుత్సాహపడి మధ్యలో మానేయకూడదన్న ఆలోచనా అందులో ఉంటుంది, వ్యాపారమూ ఉంటుంది. ఆ మార్కును మీరు కొలబద్దగా తీసుకోవద్దు.

సమాధానం: ఎంవీపీ కాలనీ పాఠకుడు

టీచర్ గారు చెప్పిన వివరాలతో నాకు పేచీ లేదు. అయితే ఈ మూల్యాంకనం తప్పు పట్టరానిదన్న అభిప్రాయం విద్యార్థికి కలగకూడదని నా మనవి, ఎందుకంటే కళాశాల ప్రవేశ పరీక్షల్లో వ్యాసాలకు మార్కులు వేసిన చరిత్ర అంత గొప్పగా లేదు.

అమెరికాలో 2005 మార్చిలో శాట్ పరీక్షకు 25 నిమిషాల వ్యాసాన్ని తప్పనిసరి చేశారు. ఇద్దరు చదివి 1 నుంచి 6 వరకు వేసేవారు, రెండూ కలిపితే గరిష్ఠంగా 12. ఆ ఏడాదే ఎంఐటీలో రాత బోధనకు సంబంధించిన విభాగాన్ని నడిపిన లెస్ పెరెల్మన్, బయటకు వచ్చిన నమూనా వ్యాసాలను పరిశీలించి, వ్యాసం పొడవుకూ మార్కుకూ విపరీతమైన సంబంధం ఉందని చూపారు. వ్యాసాన్ని చదవకుండా పొడవును బట్టి మార్కు వేసినా 90 శాతానికి పైగా సరిపోతుందని ఆయన అన్నారు. రాసిన వాస్తవాల్లో తప్పులున్నా, అంటే ఒక యుద్ధం జరిగిన సంవత్సరాన్ని పూర్తిగా మార్చి రాసినా, మార్కు తగ్గించవద్దనే చదివేవారికి సూచనలు ఉండేవి. 2014లో ఆయన కొందరు విద్యార్థులతో కలిసి బేబెల్ అనే ప్రోగ్రాం తయారు చేశారు. దానికి రెండు మూడు మాటలు ఇస్తే, బరువైన పదాలతో, చక్కని వాక్య నిర్మాణంతో, ఏ మాత్రం అర్థం లేని వ్యాసాన్ని క్షణంలో అల్లి ఇస్తుంది. ఆ అర్థరహిత వ్యాసాలకు మార్కులు వేసే యంత్రాలు ఎక్కువ మార్కులే వేశాయి.

శాట్ వారు 2016లో వ్యాసాన్ని ఐచ్ఛికం చేసి, సమయాన్ని 50 నిమిషాలకు పెంచి, ఇచ్చిన వ్యాసఖండాన్ని విశ్లేషించే పద్ధతికి మార్చారు. 2021లో దానినీ సాధారణ పరీక్ష నుంచి తీసేశారు. అక్కడి మరో ప్రవేశ పరీక్ష ఏసీటీ వారి కథ ఇంకా విచిత్రమైనది. 2015 సెప్టెంబరులో వ్యాసానికి కూడా మిగతా విభాగాల్లాగే 1 నుంచి 36 వరకు మార్కులు వేయడం మొదలుపెట్టారు. మిగతా విభాగాల్లో 30 దాటిన విద్యార్థులకు వ్యాసంలో ఇరవైల్లో మార్కులు రావడంతో గగ్గోలు మొదలై, 2016 సెప్టెంబరు నుంచి పాత 2–12 కొలమానానికి తిరిగి వెళ్లిపోయారు. మీ 167 పక్కన 3.0 చూసి మీరు ఈరోజు పడుతున్న బాధ, ఆ ఏడాది అక్కడి పిల్లలు పడిన బాధే. మేనేజ్‌మెంట్ కోర్సుల జీమ్యాట్ 1999 నుంచి ఈ-రేటర్‌ను వాడింది. ఇప్పుడున్న కొత్త రూపంలో అసలు వ్యాసమే లేదు. జీఆర్ఈ కూడా 2023 సెప్టెంబరు నుంచి రెండు వ్యాసాలను ఒకటికి తగ్గించింది.

అంటే ఇప్పుడు మీ రాత సామర్థ్యమంతా ఒకే ఒక్క వ్యాసం మీద, 30 నిమిషాల మీద ఆధారపడి ఉంది. ఇదివరకు ఒక విషయం మీకు కొరుకుడు పడకపోయినా రెండో వ్యాసం సగటును నిలబెట్టేది. పరీక్ష నిడివి తగ్గినందుకు అందరూ సంతోషించారు గాని, ఈ నష్టం గురించి మాట్లాడినవారు తక్కువ. మీ మిత్రుడికి 4.0 రావడంలో ఆయన ప్రతిభ ఎంతో, ఆయనకు వచ్చిన విషయం ఎంతో విడదీసి చెప్పగలవారు ఎవరూ లేరు.

సమాధానం: సీతమ్మధార విశ్రాంత అధ్యాపకుడు

బాబూ, నేను ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఇంగ్లిష్ చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఏటా స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్నాను. యంత్రాన్ని తప్పుపట్టే ముందు మనుషులు ఎలా దిద్దుతారో కూడా తెలుసుకుంటే మంచిదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఉదయం ఒక కట్ట, మధ్యాహ్నం ఒక కట్ట జవాబు పత్రాలు చేతికి వస్తాయి. వేసవి, పైన ఫ్యాన్లు, పక్కన వంద మంది. ఒకటి రెండు మార్కుల ప్రశ్నల దగ్గర అందరి చేతులూ ఒకేలా నడుస్తాయి. వ్యాసరూప ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి తేడాలు మొదలవుతాయి. వరసగా నాలుగు బలహీనమైన పత్రాలు దిద్దిన తరువాత ఒక మామూలు పత్రం వస్తే అది ముత్యంలా కనబడుతుంది, అదే పత్రం ఒక అద్భుతమైన పత్రం వెనుక వస్తే వెలవెలబోతుంది. చేతిరాత ప్రభావం సంగతి చెప్పనే అక్కరలేదు. చీఫ్ ఎగ్జామినర్ కొన్ని పత్రాలను తిరిగి చూసి మమ్మల్ని దారిలో పెట్టేవారు గాని, అందరినీ ఒకే త్రాసుగా మార్చడం ఎవరి తరమూ కాదు.

ఇది నా ఒక్కడి అనుభవమే అనుకోవద్దు. 1912లో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ జవాబు పత్రం నకళ్లను ఎన్నో పాఠశాలలకు పంపి దిద్దించారు. 142 మంది ఉపాధ్యాయులు దిద్దితే ఆ ఒక్క పత్రానికి 100కు 64 నుంచి 98 వరకు మార్కులు వచ్చాయి. 1961లో ఇంకా కఠినమైన ప్రయోగం జరిగింది. జీఆర్ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ కోసం డీడరిక్, ఆయన సహచరులు కలిసి 300 విద్యార్థి వ్యాసాలను 53 మంది చేత చదివించారు. వారిలో ఇంగ్లిష్ అధ్యాపకులతో పాటు రచయితలు, సంపాదకులు, న్యాయవాదులు, వ్యాపార రంగంలోని వారు కూడా ఉన్నారు. ఏ ప్రమాణాలూ చెప్పకుండా, నాణ్యతను బట్టి తొమ్మిది తరగతులుగా విడదీయమన్నారు. 94 శాతం వ్యాసాలు ఏడు లేదా అంతకన్నా ఎక్కువ తరగతుల్లో పడ్డాయి. అంటే ఒకరు అట్టడుగున పెట్టిన వ్యాసాన్నే ఇంకొకరు శిఖరం మీద పెట్టారన్నమాట.

ఆ గందరగోళం నుంచే ఈనాటి మూల్యాంకన ప్రమాణాలు పుట్టాయి. చదివేవారందరికీ ఒకే ప్రమాణ పత్రం ఇచ్చి, నమూనా వ్యాసాలతో శిక్షణ ఇచ్చి, ఇద్దరి అంకెలు పొసగకపోతే ఇంకొకరిని పిలిచే పద్ధతి వచ్చాక తేడాలు బాగా తగ్గాయి. నా దృష్టిలో దీనికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. ఆనాటి పాఠకులు ఒకరు ఆలోచనకు, ఒకరు క్రమానికి, ఒకరు భాషకు, ఒకరు రచయిత వ్యక్తిత్వానికి విలువ ఇచ్చారు కాబట్టే విభేదించారు. వారు అందరూ ఒకే మాట మీదికి రావాలంటే, ఒప్పుకోవడానికి వీలైన లక్షణాలనే చూడమని చెప్పాలి. వ్యక్తిత్వం ఆ జాబితాలోంచి జారిపోతుంది. అందుచేత, ఎంవీపీ కాలనీ మిత్రులు చెప్పిన పొడవు లోపాన్ని నేను కాదనను గాని, యంత్రం లేని కాలంలో న్యాయం జరిగేదన్న భ్రమ మాత్రం ఎవరూ పెట్టుకోవద్దు.

సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో 250 మార్కుల వ్యాస పత్రం రాసే మన పిల్లల్ని అడిగి చూడండి. వారికీ చివరకు దక్కేది ఒక అంకె మాత్రమే, దాని మీద సర్వీసే తారుమారవుతుంది. మీరు ఈఏపీసెట్ కీ గురించి రాసినది చాలా సరైన గమనిక. పదో తరగతి తరువాత మన పిల్లలు పెద్ద ప్రవేశ పరీక్షలన్నీ జవాబులు గుర్తించే పద్ధతిలోనే దాటివస్తున్నారు. ఇరవై ఏళ్లు దాటాక మొదటిసారి కీ లేని ప్రవేశ పరీక్ష ఎదురైతే అది అన్యాయంగా కనబడటం సహజమే.

సమాధానం: గాజువాక, ప్రస్తుతం టెక్సస్

మూడో ప్రశ్నకు క్లుప్తంగా చెబుతాను. కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్‌కు దరఖాస్తు చేసేటప్పుడు క్వాంట్ మార్కు, బీటెక్ మార్కులు, ప్రాజెక్టులు, స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో మీరే రాసే లేఖ) వెనుక వ్యాసం మార్కు ఎక్కడో నిలుస్తుంది. చాలా విభాగాలు జీఆర్ఈనే ఐచ్ఛికం చేశాయి. కొన్ని విశ్వవిద్యాలయాలు వ్యాసానికి కనీస మార్కు పెడతాయి కాబట్టి మీ జాబితాలోని ప్రతి విభాగం పేజీ ఒకసారి చదవండి. కనీసం 3.5 అడిగేవి అందులో లేకపోతే దీని గురించి మరచిపోండి. మీరు మార్కులు పంపిన సంస్థలకు మీ వ్యాసం ప్రతి కూడా అందుతుందని మాత్రం గుర్తుంచుకోండి. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ఒక భాష, వ్యాసంలో మరొక భాష కనబడితే పోల్చి చూసేవారికి అనుమానం వస్తుంది. ఆ స్టేట్‌మెంట్‌ను ఎవరి చేతా రాయించుకోవద్దు.

మళ్లీ రాయాలనుకుంటే పరీక్షకూ పరీక్షకూ మధ్య 21 రోజులు ఉండాలి. ఏ తేదీ మార్కులు పంపాలో మీరే ఎంచుకోవచ్చు గనుక, రెండోసారి క్వాంట్ తగ్గినా పాత మార్కులకు నష్టం లేదు. అయితే రెండు పరీక్షల్లోని మంచి మార్కులను ఏరి కలిపి పంపడం కుదరదు.

ప్రశ్నించినవారి స్పందన: మధురవాడ విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. జాబితా సరిచూశాను. నేను ఎక్కువగా ఆశపడుతున్న విభాగాల్లో ఒకటి కనీసం 3.5 అడుగుతోంది. అందువల్ల పునఃపరిశీలన ఆలోచన మానుకుని, మళ్లీ రాయాలని నిర్ణయించుకున్నాను. టీచర్ గారికి ఒక చివరి సందేహం. ఉదాహరణలు అమెరికా చరిత్ర నుంచో ప్రపంచ ప్రఖ్యాత వ్యక్తుల జీవితాల నుంచో ఉండాలని, మన ప్రాంతపు విషయాలు రాస్తే చదివేవారికి అర్థం కావని మాకు చెప్పారు. అది నిజమేనా?

సమాధానం: ద్వారకానగర్ ఇంగ్లిష్ టీచర్

నిజం కాదండి. చదివేవారు మీ ఉదాహరణను ముందే తెలుసుకుని ఉండాలన్న నియమం ఎక్కడా లేదు, దాన్ని మీరు వాదానికి ఎలా ముడివేశారన్నదే చూస్తారు. అరువు తెచ్చుకున్న ఉదాహరణతో వచ్చే చిక్కు ఏమిటంటే, దాని గురించి మీకు తెలిసినది రెండు వాక్యాలే కాబట్టి మూడో వాక్యం దగ్గర మీ పేరా ఎండిపోతుంది.

నిర్వాహక సంస్థ తన వెబ్‌సైటులో పరీక్షకు వచ్చే విషయాలన్నిటినీ ముందే ప్రచురించింది. అందులో ఒకదాని సారాంశం, సమాజపు ముఖ్య లక్షణాలు తెలుసుకోవాలంటే దాని పెద్ద నగరాలను అధ్యయనం చేయాలని. దీనికి మన విశాఖపట్నమే తీసుకోండి. 1933లో ప్రారంభమైన ఓడరేవు, ఉక్కు కర్మాగారం, తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఈ నగరానికి ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగాల కోసం జనం వచ్చారు. ఉత్తరాంధ్ర ప్రజల భాష, వలస, చదువు మీద ఆశ ఇవన్నీ ఇక్కడి వీధుల్లోనే కనబడతాయి కాబట్టి ఆ వాక్యం కొంతవరకు నిజమే. అదే సమయంలో, పాడేరు, అరకు కొండల్లోని గిరిజనుల జీవితాన్ని గాని, చేపల వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ దాకా వలస వెళ్లే శ్రీకాకుళం మత్స్యకారుల జీవితాన్ని గాని ఈ నగరాన్ని ఎంత తిరిగి చూసినా అర్థం చేసుకోలేము. పైగా ఆ మత్స్యకారులు ఈ నగరానికి రాకుండానే పడమటి తీరంలోని వేరే రాష్ట్రానికి పోతున్నారు. ఇక్కడ మీ వాదం ఒక మెట్టు పైకి వెళుతుంది: నగరం తన దగ్గరకు వచ్చినవారిని చూపిస్తుంది, రానివారిని దాచేస్తుంది. వాక్యం ఎక్కడ నిజమవుతుంది, ఎక్కడ కాదు అన్న సూచనకు ఇదే జవాబు. ఏ ప్రముఖుడి మాటా అవసరం లేకుండానే రెండు పేరాలు నిండాయి చూడండి.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. కంఠస్థం చేసిన పేరాలు యథాతథంగా దింపవద్దు. ఇతరుల వ్యాసాలతో పోలిక ఎక్కువగా ఉందని తేలితే మార్కులు రద్దు చేసే అధికారం వారికి ఉంది. ఒకే శిక్షణ కేంద్రం నుంచి వెళ్లినవారి ప్రారంభ పేరాలు ఒకేలా ఉండటం నేను చూస్తూనే ఉన్నాను.

ప్రచురించిన జాబితాలోంచి మీకు బొత్తిగా నచ్చని విషయం ఒకటి తీసుకుని, ముందుగా సూచనను మీ మాటల్లో ఒక వాక్యంగా తెలుగులో రాసుకోండి, తరువాత స్పెల్ చెక్ లేకుండా 30 నిమిషాల్లో వ్యాసం పూర్తి చేయండి. దిద్దకుండా, ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి. సీతమ్మధార మాస్టారూ నేనూ ఒకరి మార్కు ఒకరు చూడకుండా వేసి, ఎందుకు వేశామో కారణాలతో సహా రాస్తాము.